పాలు మానని పిల్లలు, వాళ్ళ మీద జోకులు

విశాఖపట్నంలో ఏ పెళ్ళింట్లోనైనా ఓ పూట కూర్చుంటే, పెళ్ళికొడుకు చిన్నప్పటి సంగతులు మొదలయ్యాక ఈ కథ ఏదో ఒక రూపంలో వచ్చి తీరుతుంది. పిల్లాడికి మూడేళ్ళు దాటినా పాలు మానట్లేదని అమ్మమ్మ వేపాకు నూరి తల్లి రొమ్ముకి రాయించింది, సాయంత్రం వాడొచ్చి నోరు పెట్టి, మొహం అష్టవంకర్లు తిప్పి లేచి వెళ్ళిపోయాడు, హమ్మయ్య పని అయిపోయింది అనుకునేలోపు వంటింట్లోంచి చెంబుతో నీళ్ళు మోసుకొచ్చి తల్లి ముందు పెట్టి "అమ్మా, కడుక్కో" అన్నాడు. ఒకళ్ళింట్లో వేపాకు, ఇంకొకళ్ళింట్లో కాకరకాయ రసం, మరొకళ్ళింట్లో ముసాంబరం. చెంబు మాత్రం అందరి కథలోనూ ఉంటుంది. ఇల్లంతా నవ్వుతుంది, ముసలివాళ్ళు, పిల్లలు, బావలు, మరదళ్ళు అందరూ, ఆ తల్లి అందరికంటే ఎక్కువ నవ్వుతుంది. ఇందులో తప్పేముంది అని ఎవరికీ అనుమానం కూడా రాదు.

ఇప్పుడు ఇదే సంగతి సిరిపురం వైపో ఎంవీపీ కాలనీలోనో ఒక కేఫ్‌లో ఓపెన్ మైక్, అంటే ఎవరైనా వచ్చి జోకులు చెప్పుకునే షో, పెట్టినప్పుడు, ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఒకడు మైకు పట్టుకుని ఎత్తుకున్నాడనుకోండి. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ ఉంది, కొడుక్కి మూడేళ్ళొచ్చినా ఇంకా ఇస్తూనే ఉంది అని మొదలుపెట్టి, ఆ తర్వాత ఎక్కడికి వెళ్తాడో అందరికీ ముందే తెలిసిపోతుంది. వెనక టేబుల్ దగ్గర ఫ్రెండ్స్ బ్యాచ్ పగలబడి నవ్వుతుంది, కొంతమంది ఫోన్ చూసుకుంటారు, ఇంటి దగ్గర రెండేళ్ళ పిల్లని అత్తగారికి అప్పజెప్పి వచ్చిన అమ్మాయి చున్నీ ఓసారి సర్దుకుంటుంది. టాపిక్ అదే, పిల్లాడి వయసూ అదే. మరి మొదటి చోట అంత హాయిగా ఉన్న నవ్వు రెండో చోట గొంతులో ముల్లులా ఎందుకు గుచ్చుకుంటుంది? ఎక్కువ కాలం పాలివ్వడం మీద కామెడీ నవ్వు తెప్పిస్తుందా, మనసు నొప్పిస్తుందా అని అడిగితే చాలామంది "అది టేస్ట్ బట్టి" అని వదిలేస్తారు. టేస్ట్ అని వదిలేసేంత చిన్న విషయం కాదిది, కొంచెం లోపలికి వెళ్ళి చూడాలి.

ముందు అసలు ఎక్కువ కాలం అంటే ఎంత? ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది, మొదటి 6 నెలలు తల్లిపాలు ఒక్కటే, ఆ తర్వాత ఇంటి తిండి మొదలుపెట్టి దాంతో పాటు 2 ఏళ్ళ వరకూ, ఆ తర్వాత కూడా తల్లికీ బిడ్డకీ ఇష్టమైనంత కాలం పాలు ఇవ్వొచ్చని. "ఆ తర్వాత కూడా" అన్న ముక్క చాలామంది చదవరు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2022లో తన సలహాని సవరించి రెండేళ్ళు, ఆపైన ఇచ్చే తల్లులకి కూడా సపోర్ట్ ఇవ్వాలని చెప్పింది, అదే సంఘం అంతకుముందు 2005లోనే మూడో ఏడు వచ్చినా, అది దాటినా పాలివ్వడం వల్ల బిడ్డ మనసుకి గానీ ఎదుగుదలకి గానీ హాని జరిగినట్టు ఆధారాలేమీ లేవని రాసింది. ఖురాన్‌లో తల్లులు పూర్తిగా రెండేళ్ళు పాలివ్వాలన్న మాట ఉంది. మన దేశంలో డబ్బాపాల ప్రకటనల్ని ఆపడానికి 1992లో చేసిన చట్టం, 2003లో సవరించాక, రెండేళ్ళ లోపు పిల్లల ఆహారాలన్నిటికీ వర్తిస్తుంది. అంటే డాక్టరూ, మతమూ, చట్టమూ ముగ్గురూ దాదాపు ఒకే చోట నిలబడ్డారు.

ఇంక మూడు, నాలుగేళ్ళ సంగతి. క్యాథరిన్ డెట్‌వైలర్ అనే అమెరికన్ మానవ శాస్త్రవేత్త 1995లో కోతులు, చింపాంజీలు, గొరిల్లాల ఎదుగుదలతో, అంటే పళ్ళు రావడం, బరువు పెరగడం లాంటి లెక్కలతో పోల్చి చూసి, మనిషి పిల్లలు సహజంగా పాలు మానే వయసు రెండున్నర నుంచి ఏడేళ్ళ మధ్య ఎక్కడైనా ఉండొచ్చని అంచనా కట్టింది. ఏడేళ్ళంటే రెండో తరగతి! వినగానే ఎవరికైనా నవ్వొస్తుంది, ఆ నవ్వు రావడం తప్పేం కాదు. కానీ మన కంటికి విడ్డూరంగా కనిపించినంత మాత్రాన ఒంటికి విడ్డూరం కాదు అని మాత్రం ఒప్పుకోవాలి. ఏడాది నుంచి రెండేళ్ళ మధ్య పిల్లలకి కావాల్సిన శక్తిలో మూడో వంతు దాకా తల్లిపాల నుంచే రావొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తుంది, "ఏడాది దాటాక అవి పాలేంటి, నీళ్ళే" అనే మాట అందుకే శుద్ధ తప్పు. తల్లి వైపు నుంచి చూసినా, 30 దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2002లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వేసిన లెక్క ప్రకారం, పాలిచ్చిన ప్రతి 12 నెలలకీ రొమ్ము క్యాన్సర్ ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గుతుంది. (ఇక్కడ ఒక్క మాట, రెండేళ్ళ పిల్లకి పాలొక్కటే పట్టి ఊరుకుంటే కుదరదు, అన్నం, పప్పు, గుడ్డు, ఆకుకూర అన్నీ పడాల్సిందే, ఇంతసేపూ చెప్పింది తిండితో పాటు ఇచ్చే పాల గురించి.)

మరి నవ్వెక్కడి నుంచి వస్తుంది అంటే, కలవవు అనుకున్న రెండు ఒకే చోట కనిపించడం నుంచి. "చంటిబిడ్డ" అన్న మాటకి మన మనసులో ఒక బొమ్మ ఉంటుంది, మెడ నిలవని, గుప్పిళ్ళు బిగించుకున్న బొమ్మ. ఆ బొమ్మ స్థానంలో బూట్లేసుకుని, రైమ్స్ అప్పజెప్పి, "మమ్మీ కుడి వైపుది అయిపోయింది" అని రిపోర్ట్ ఇచ్చే మనిషి వచ్చి కూర్చుంటే మనసు ఒక్క క్షణం తడబడుతుంది. తడబాటు నవ్వుగా బయటికొస్తుంది. ఇంతవరకూ ఎవరి మీదా ద్వేషం లేదు.

కాకపోతే ఆ తడబాటు ఏ వయసు దగ్గర మొదలవుతుందనేది ఊరిని బట్టి, పేటని బట్టి మారిపోతుంది. ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపల గంప ముందు కూర్చున్న తల్లి దగ్గరకి మూడేళ్ళ గుంటడు ఆట మధ్యలో పరిగెత్తుకొచ్చి, రెండు నిమిషాలు తాగి, మూతి తుడుచుకుని మళ్ళీ పరిగెత్తినా, బేరం ఆగదు, "అంతకి రాదమ్మా, తెల్లారి దింపిన సరుకు" అన్న మాట కూడా మధ్యలో తెగదు. అక్కడ జోకు పుట్టదు, ఎందుకంటే అక్కడ వింత లేదు. పాడేరు, అరకు వైపు సంతల్లోనూ అంతే. అదే తల్లీ బిడ్డా ఏసీ షాపింగ్ మాల్‌లోకి వచ్చారనుకోండి, చుట్టూ ఉన్న పది కళ్ళలో ఎనిమిది పక్కకి తిరుగుతాయి, మిగతా రెండు తిరగవు. అపార్ట్‌మెంట్లలో ఈ జోకు వేసేటప్పుడు దాని కింద ఇంకో పొర కూడా ఉంటుంది, "పల్లెటూరి వాళ్ళలాగ" అన్న పొర. డబ్బా పాలు కొనలేని వాళ్ళ అలవాటు, చదువుకోని వాళ్ళ అలవాటు అన్న చిన్నచూపు. నవ్వింది పాల మీదే అనుకుంటారు గానీ చాలాసార్లు నవ్వింది పేదరికం మీద.

అసలు మన తెలుగువాళ్ళకి ఈ విషయం మీద నవ్వడం కొత్తేం కాదు, 500 ఏళ్ళ పైబడి నవ్వుతూనే ఉన్నాం. పోతన భాగవతంలో యశోద పెరుగు చిలుకుతుంటే కృష్ణుడొచ్చి కవ్వం పట్టుకుని పాలకోసం మారాం చేస్తాడు, ఆవిడ ఒళ్ళో వేసుకుని పాలిస్తుంటే పొయ్యి మీద పాలు పొంగిపోతాయి, వాడిని దింపేసి అటు పరిగెడుతుంది, కడుపు నిండని కృష్ణుడు కోపంతో కుండ పగలగొట్టి వెన్న తినేస్తాడు, ఆ తర్వాతే రోలుకి కట్టెయ్యడం. హరికథలో ఈ ఘట్టం రాగానే మగాళ్ళూ ఆడాళ్ళూ కలిసి నవ్వుతారు. ఇందులో చాలామంది గమనించనిది ఒకటుంది. అప్పటికి ఆ పిల్లాడు నడుస్తున్నాడు, పరిగెడుతున్నాడు, ఇరుగుపొరుగు ఇళ్ళలో వెన్న దొంగిలిస్తున్నాడు, అడిగితే అబద్ధం కూడా ఆడుతున్నాడు. ఇవాళ్టి లెక్కలో అది అక్షరాలా ఎక్స్‌టెండెడ్ బ్రెస్ట్‌ఫీడింగే. అయినా ఎవరికీ వెగటు అనిపించదు. నవ్వు ఆ పిల్లాడి పంతం మీద ఉంది, ఇటు ఒళ్ళో బిడ్డ, అటు పొంగే పాలు, మధ్యలో ఇరుక్కున్న ఆ తల్లి అవస్థ మీద ఉంది. యశోద ఒంటి మీద లేదు. పాలిచ్చే ఏ ఇల్లాలు విన్నా "నిజమే కదా, సరిగ్గా అప్పుడే పొంగుతాయి" అనుకుంటుంది.

ఇంకో వింత చూడండి. "తల్లి పాలు తాగి రొమ్ము గుద్దినట్టు" అన్న సామెత మన రాజకీయాల్లో ఎంత మామూలంటే, ఎవరు పార్టీ మారినా మర్నాడు ప్రెస్‌మీట్‌లో ఎవరో ఒకరు ఈ మాట అనేస్తారు, మైకుల ముందు, కెమెరాల ముందు, పేపర్లో హెడ్డింగ్ కూడా వస్తుంది. ఆ మాట వినడానికి ఎవరికీ సిగ్గు లేదు. అదే మాటలోని పని ఒక తల్లి గాజువాక వెళ్ళే బస్సులో కిటికీ పక్క సీట్లో నిజంగా చేస్తుంటే మాత్రం అందరికీ సిగ్గొచ్చేస్తుంది. మాటలో ఉన్నంతసేపూ అమ్మ దేవత, సీట్లో కూర్చుంటే ఇబ్బంది. ఈ టాపిక్ మీద చెత్త జోకులన్నీ ఈ రెండిటి మధ్య ఉన్న సందులోంచే పుడతాయి.

ప్రపంచంలో ఈ విషయం మీద అందరికంటే ఎక్కువ పేరొచ్చిన కామెడీ అంటే బ్రిటన్ వాళ్ళ లిటిల్ బ్రిటన్. బీబీసీలో 2003లో టీవీకి వచ్చిన ఈ షోలో డేవిడ్ వాలియమ్స్ వేసిన హార్వీ పించర్ అనే పాత్ర ఉంటుంది. గొప్పింటి బిడ్డ, పెళ్ళీడుకొచ్చిన మనిషి, కోటు, టై, మంచి ఇంగ్లిష్, పెళ్ళి చేసుకోబోయే అమ్మాయి, ఆవిడ తల్లిదండ్రులు ఎదురుగా కూర్చుని ఉండగా, మధ్యలో తల్లి వైపు తిరిగి చంటిపిల్లాడి గొంతుతో "బిట్టీ" అంటాడు. తల్లి ఏ మాత్రం తొణక్కుండా పాలిస్తుంది. ఆవిడా, హార్వీ తండ్రీ ఇదేదో టీ పోసినంత మామూలుగా ఉంటారు, చూసే కొత్తవాళ్ళు మాత్రం ఎటు చూడాలో తెలీక చచ్చిపోతుంటారు.

ఇది తమాషాగా ఉంటుందా అంటే, ఉంటుంది. ఎందుకంటే అక్కడ ఎగతాళి అయ్యేది పాలిచ్చే తల్లులు కాదు. డబ్బూ హోదా ఉన్న ఇళ్ళలో ఎంత పెద్ద వింత జరిగినా మొహంలో కనపడనివ్వని ఆ మర్యాద, ఆ మర్యాదకి భయపడి ఏమీ అనలేని అతిథులు, వీళ్ళ మీద ఉంది ఆ దెబ్బ. మన భాషలో చెప్పాలంటే అమ్మ కొంగు వదలని అమ్మకూచి కొడుకు మీద జోకు, దాన్ని అక్షరాలా నిజం చేసి చూపించారు అంతే. మన దగ్గర కూడా పెళ్ళయ్యాక ప్రతిదానికీ "అమ్మని అడిగి చెప్తా" అనే మగాడిని "ఇంకా పాలు మానలేదు" అంటారు, కోడళ్ళందరికీ తెలిసిన మాటే. అది పెద్దాడి మీద మాట, వాడు సమాధానం చెప్పుకోగలడు.

చిక్కంతా ఆ స్కెచ్, అంటే ఆ చిన్న హాస్య నాటిక, అయిపోయాక వస్తుంది. తెర మీద ముప్ఫై ఏళ్ళవాడి బొమ్మ చూసి నవ్విన కళ్ళు, బయటికొచ్చి పార్కు బెంచీ మీద రెండున్నరేళ్ళ పిల్లకి పాలిస్తున్న తల్లిని చూసినప్పుడు అదే బొమ్మని తీసుకెళ్ళి ఆ పిల్ల మీద అతికిస్తాయి. "ఇలాగే వదిలేస్తే రేపు పెళ్ళి పీటల మీద కూడా అడుగుతాడు" అన్న భయం, జోకు రూపంలో. నిజానికి అలా జరగదు, పిల్లలు వాళ్ళంతట వాళ్ళు మానేస్తారు, బడి, స్నేహితులు, ఆటలు వచ్చాక పాలు గుర్తు కూడా రావు. స్కెచ్ రాసినవాళ్ళ ఉద్దేశం ఏదైనా, దాని బరువు మోసేది ఆ బెంచీ మీదావిడ.

2010లో వచ్చిన హాలీవుడ్ సినిమా గ్రోన్ అప్స్‌లో ఈ అతికించడం పెద్దాడి అడ్డు కూడా లేకుండా నేరుగా జరుగుతుంది. నాలుగేళ్ళ కొడుక్కి ఇంకా పాలిచ్చే తల్లి పాత్ర, చుట్టూ ఉన్న స్నేహితుల మొహాల్లో అసహ్యం, అదే జోకు. ఆ తల్లికి చెప్పుకోవడానికి ఏమీ ఇవ్వలేదు కథలో, ఆ పిల్లాడికి చెంబు లాంటిదేదీ ఇవ్వలేదు. వాళ్ళిద్దరూ ఉన్నది మిగతావాళ్ళు మొహం చిట్లించుకోడానికే. 2012 మే నెలలో టైమ్ మ్యాగజైన్ కవర్ మీద కూడా ఒక తల్లి ఫోటో వేశారు, నాలుగేళ్ళు నిండబోతున్న కొడుకు కుర్చీ ఎక్కి నిలబడి పాలు తాగుతుంటే ఇద్దరూ కెమెరాలోకి చూస్తున్నట్టు. అది జోకు కాదు, సీరియస్ వ్యాసానికి వేసిన బొమ్మ, కానీ టీవీ కామెడీ వాళ్ళకి అది పండగ అయిపోయింది. ఏ ఇంట్లోనైనా ఆ వయసు పిల్ల పాలు తాగేది నిద్రమత్తులో, చీకట్లో, జ్వరమొచ్చినప్పుడు, పడి దెబ్బ తగిలినప్పుడు, ఒళ్ళో ముడుచుకుని. నిలబెట్టి, లైట్లు వేసి, మన వైపు చూడమంటే ఏ పనైనా వింతగానే కనిపిస్తుంది, అన్నం తినడం కూడా.

ఇంక అసలు బూతు సంగతి. మన దగ్గర స్టేజి మీద, టీవీ స్కిట్లలో, రీల్స్‌లో ఈ టాపిక్ వస్తే నూటికి తొంభైసార్లు వెళ్ళేది ఒకే దారిలో. పిల్లాడి అదృష్టం, మగాడి అసూయ, పాలపాకెట్టు డబుల్ మీనింగు. ఆ జోకు ఇక్కడ రాయక్కర్లేదు, అందరికీ తెలిసిందే. దాన్ని విప్పి చూస్తే అందులో బిడ్డ ఉండడు, ఆకలి ఉండదు, తల్లి ఉండదు. మిగిలేది ఒక ఆడమనిషి ఒళ్ళు, దాన్ని చూస్తున్న మగాడు. పాలు మాన్పించడం అన్నది ఆ మాట ఎత్తడానికి దొరికిన సాకు మాత్రమే. దీన్ని నొప్పించే జోకు అనడం కూడా చాలా మెత్తని మాట. బిడ్డకి పాలిస్తున్న మనిషిని, అదీ ఎదురు మాట్లాడే తీరిక లేని స్థితిలో ఉన్న మనిషిని, అలా చూడొచ్చు అని హాలందరికీ ఒకేసారి పర్మిషన్ ఇవ్వడం అది. ఆ షో నుంచి ఇంటికెళ్ళిన పది మంది కుర్రాళ్ళు మర్నాడు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పాలిస్తున్న తల్లిని చూస్తే వాళ్ళకి ముందు గుర్తొచ్చేది ఆ జోకే.

ఈ చూపు గురించే 2018 మార్చిలో మలయాళ పత్రిక గృహలక్ష్మి "తేరిపార చూడకండి, మేం పాలివ్వాలి" అనే అర్థం వచ్చేలా కవర్ వేసింది, కేసు పడింది, అందులో అశ్లీలం ఏమీ కనిపించట్లేదని కేరళ హైకోర్టు కొట్టేసింది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా పబ్లిక్ ప్లేసుల్లో, పని చేసే చోట్లలో తల్లులు పాలివ్వడాన్ని తప్పుగా చూడకూడదని, బస్టాండ్ల లాంటి చోట్ల వాళ్ళకి గదులు ఉండాలని చెప్పింది. కోర్టులు గది కట్టమని చెప్పగలవు. హాల్లో నవ్వుని మార్చడం కోర్టు పని కాదు, అది జోకు రాసేవాళ్ళ చేతిలోనే ఉంది.

అలాగని ఇంట్లో ఆడవాళ్ళు వేసేవన్నీ మంచి జోకులు, స్టేజి మీద మగాళ్ళు వేసేవన్నీ చెడ్డవి అని గీత గీస్తే అది అబద్ధం అవుతుంది. "ఏటే, పెళ్ళికొడుకయ్యేదాకా ఇస్తావేటి?" అని అత్తగారు నవ్వుతూనే అంటుంది, పక్కనున్న తోడికోడలు నవ్వుతుంది, ఆ తల్లి కూడా నవ్వుతుంది, రాత్రి గదిలోకెళ్ళి ఏడుస్తుంది. ఆ నవ్వు వెనక ఆర్డర్ ఉంది, ఇంక మాన్పించు అని. ఎదురు చెప్తే "అయ్యో, సరదాకి అన్నాను తల్లీ" అని తప్పించుకోవచ్చు, అదే జోకులో ఉన్న సుఖం.

అదీ కొడుకు విషయంలో ఒకలాగ, కూతురు విషయంలో ఒకలాగ. సీమా జయచంద్రన్, ఇలియానా కుజియెంకో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు మన దేశ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు తీసి 2011లో ఒక పేపర్ వేశారు. భారతదేశంలో ఆడపిల్లలకి మగపిల్లల కంటే తక్కువ కాలం పాలిస్తున్నారని, దానికి ఒక పెద్ద కారణం పాలిస్తున్నంత కాలం మళ్ళీ కడుపు రావడం ఆలస్యం అవుతుంది కాబట్టి, కొడుకు కోసం తొందరపడే ఇళ్ళలో ఆడపిల్ల పాలు ముందే ఆపేస్తున్నారని. ఇది చదివాక "ఇంకా తాగుతుందా, సిగ్గులేదే నీకు" అని రెండేళ్ళ ఆడపిల్లని ముద్దుగా గిల్లే జోకు ఇంకోలా వినిపిస్తుంది. కడగొట్టు కొడుకైతే నాలుగేళ్ళొచ్చినా "వాడికి అమ్మంటే ప్రాణం" అని మురిసిపోయే ఇల్లే, మొదటి పిల్ల ఆడదైతే ఏడాదిన్నరకే వెక్కిరించడం మొదలుపెడుతుంది. వేపాకు చేదు ఇద్దరికీ ఒకటే, ఎవరికి ఎప్పుడు రాస్తారన్నది వేరు. ఈ విషయం మీద జోకు వేసే ముందు తెలుసుకోవాల్సింది ఏదైనా ఉందంటే ఇదే.

ఉద్యోగాలు చేసే తల్లుల సంగతి ఇంకో కథ. ప్రసూతి సెలవుల చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల సెలవు వచ్చింది, బిడ్డకి 15 నెలలొచ్చేవరకూ పని మధ్యలో రోజుకి రెండుసార్లు పాలివ్వడానికి విరామం కూడా చట్టంలో ఉంది, ఆ తర్వాత పాలిచ్చే విరామం గురించి చట్టం ఇంక ఏమీ మాట్లాడదు. పరవాడ ఫార్మా సిటీలోనో, మధురవాడ ఐటీ కంపెనీలోనో పొద్దుటి నుంచి పని చేసి ఇంటికొచ్చిన తల్లి హ్యాండ్‌బ్యాగ్ కింద పెట్టకముందే గుమ్మం దగ్గర రెండున్నరేళ్ళ పిల్ల కుర్తా అంచు పట్టుకుని సోఫా వైపు లాగుతుంది. చెప్పుల స్ట్రాప్ ఒకటి విప్పింది, ఇంకోటి విప్పలేదు, అలాగే కూర్చుంటుంది. పిల్ల ఒక చేత్తో అమ్మ ఐడీ కార్డు తిప్పుతూ తాగుతుంది. ఆ పది నిమిషాలూ ఇద్దరికీ రోజంతా పడ్డ ఎడబాటు తీరే టైమ్. చాలా ఇళ్ళలో పిల్లలు మూడేళ్ళ దాకా పాలు మానకపోవడానికి కారణం ఈ సాయంత్రాలే. ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర ఎవరైనా ఈ టాపిక్ మీద జోకేస్తే ఆవిడ ఏం చేస్తుంది? నవ్వుతుంది, "మా పాప ఎప్పుడో మానేసింది" అని అబద్ధం చెప్తుంది. తర్వాత పిల్లల డాక్టరు అడిగినా అదే అబద్ధం చెప్తుంది. జోకు వల్ల జరిగే నష్టం అంటే ఇది. డాక్టరు దగ్గర దాచిపెట్టడం, బంధువులింటికి వెళ్ళినప్పుడు పిల్లని బాత్రూములోకి తీసుకెళ్ళి పాలివ్వడం, పిల్ల అందరి ముందు అడుగుతుందేమో అని వణుకుతూ కూర్చోవడం.

దీనికి ఎదురుగా "అన్నిటికీ నొచ్చుకుంటూ కూర్చుంటే కామెడీ వాళ్ళు దేని మీద జోకెయ్యాలి" అనే ప్రశ్న ఒకటి ఎప్పుడూ వస్తుంది, అది న్యాయమైన ప్రశ్నే. దీన్ని మాట్లాడకూడని టాపిక్ చేసేస్తే తల్లులకి ఇంకా ఒంటరితనం పెరుగుతుంది, నవ్వుకోనివ్వడం కూడా ఒక సాయమే. బ్యాన్ చెయ్యడం దారి కాదు. లిటిల్ బ్రిటన్‌ని 2020లో బీబీసీ తన ఆన్‌లైన్ సర్వీసు నుంచి తీసేసింది, అది నల్లవాళ్ళ వేషం వేసి మొహానికి రంగు పూసుకున్న స్కెచ్‌ల గొడవ వల్ల, బిట్టీ వల్ల కాదు. తల్లుల వైపు నుంచి వచ్చే నొప్పికి సాధారణంగా అంత పెద్ద గొంతు ఉండదు, వాళ్ళ చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి.

ఈ టాపిక్‌లో ఎంత కామెడీ ఉందో అనుభవించినవాళ్ళకి తెలుసు, డబుల్ మీనింగు వైపు వెళ్ళాల్సిన అవసరమే లేదు. అమెరికన్ కమెడియన్ అలీ వాంగ్ 2018లో రెండోసారి నిండు కడుపుతో స్టేజి ఎక్కి పాలివ్వడంలో నొప్పి, నిద్రలేమి, చిరాకు మీద గంటసేపు షోలో విరగబడి నవ్వించింది, మాటలు పచ్చిగానే ఉంటాయి, కానీ ఆ ఒళ్ళు ఆవిడది, నొప్పి ఆవిడది, ఎక్కడ నవ్వాలో ఆవిడే చెప్తుంది. పాలు తాగుతూ తాగుతూ టీవీలో కార్టూన్ చూడ్డానికి మెడ తిప్పే పిల్ల, వదలకుండా తిప్పే పిల్ల, ఆటోలో అందరి ముందు జాకెట్‌లో చెయ్యి పెట్టి "ఉందా?" అని చెక్ చేసే పిల్లాడు, "బొమ్మకి కూడా ఇవ్వు" అని బార్బీని ఒళ్ళో పెట్టే పాప, రేపటి నుంచి మానేస్తానని ప్రమాణం చేసి రాత్రి పన్నెండింటికి "రేపు వచ్చేసిందా" అని అడిగేవాడు. వీటిలో ఒక్కదాంట్లోనూ తల్లి తల దించుకోవాల్సిన పని లేదు. పిల్లాడి తెలివి ఉంది, తల్లి అలసట ఉంది, ఇద్దరి మధ్య బేరం ఉంది. ఓపెన్ మైక్‌లో మగ కుర్రాడు కూడా ఇవి చెప్పొచ్చు, తన గురించి చెప్పుకుంటే ఇంకా బాగుంటుంది, ఒకప్పుడు వాడూ ఆ పిల్లాడే కదా, వాళ్ళమ్మని అడిగితే కథలు బోలెడు దొరుకుతాయి.

అయితే అడిగి చెప్పాలి. మళ్ళీ ఆ పెళ్ళింట్లోకే వెళ్దాం. మేనత్త కథ చెప్తుంటుంది, వేపాకు, మొహం చిట్లించడం, వంటింట్లోకి పరుగు, చెంబు. పెళ్ళికొడుకు పసుపు మొహంతో సిగ్గుపడుతూ కూర్చుంటాడు. అంతలో ఆ తల్లి, చేతిలో పూల బుట్ట అలాగే పట్టుకుని, వెనక నుంచి గట్టిగా అడ్డొస్తుంది, "సెంబు కాదొదినా, స్టీలు గ్లాసు, సగం నీళ్ళు దారిలోనే ఒలకబోసీసాడు, అవి నేనే తుడుసుకున్నాను" అని. అందరూ ఒక్క క్షణం ఆగుతారు, మేనత్త "సరే, గ్లాసే" అని ఒప్పుకుని, కథ మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటుంది.